స్కానింగ్ మెషీన్లు వచ్చాయ్ సరే.. రిపోర్టు కరెక్టో కాదో చూసేదెవరు?

సంగారెడ్డి: ఐదో నెల స్కానింగ్ అయింది. "అంతా నార్మల్" అని రిపోర్టు వచ్చింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. మరి నాలుగు నెలల తర్వాత బిడ్డ పుట్టాక, ఆ రిపోర్టును ఎవరైనా మళ్లీ తీసి సరిచూస్తారా? పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడల్లో ఉండే వేలాది కుటుంబాలకు ఇది చాలా పెద్ద ప్రశ్న.

మెషీన్లకైతే డబ్బు దొరుకుతోంది. 2022 నవంబర్‌లో రాష్ట్రవ్యాప్తంగా 44 ప్రభుత్వ ఆస్పత్రులకు 56 టిఫా స్కానింగ్ యంత్రాలు వచ్చాయి. ఖర్చు సుమారు రూ.20 కోట్లు. అదే నెలలో సంగారెడ్డి ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా మొదలైంది. కానీ ఆ యంత్రాలు చెప్పేది ఎంతవరకు నిజమవుతోందో తేల్చే పనికి, అంటే క్లినికల్ ఆడిట్‌కి, రీసెర్చ్‌కి నిధులు కావాలి. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఆడిట్ అంటే సీల్ వేయడమేనా?

మన దగ్గర స్కానింగ్ సెంటర్ ఆడిట్ అనగానే గుర్తొచ్చేది అధికారుల తనిఖీ. కారణం పీసీపీఎన్‌డీటీ చట్టం. ఆడపిల్లల్ని కడుపులోనే చంపేయకుండా 1994లో తెచ్చిన చట్టం ఇది. గర్భిణికి స్కాన్ చేసిన ప్రతిసారీ ఫారం-ఎఫ్ నింపాలి. ప్రతి నెలా 5వ తేదీలోగా రిపోర్టు పంపాలి. రికార్డులు రెండేళ్లు దాచాలి. ఫారంలో తప్పులున్నా నేరమేనన్న నిబంధనను 2019లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది.

ఈ చట్టం అవసరమే. అందులో రెండో మాట లేదు. కానీ ఫారం-ఎఫ్‌లో ఒక్క ప్రశ్న మాత్రం ఉండదు. చివరికి బిడ్డ ఎలా పుట్టింది? స్కాన్‌లో చెప్పిన బరువు, నెలలు నిజంగా సరిపోయాయా? క్లినికల్ ఆడిట్ అడిగేది ఇదే. డాక్టర్‌పై కేసు పెట్టడం దాని పని కాదు. వంద రిపోర్టులు తీసి, ఎక్కడ తప్పు జరుగుతోందో పట్టుకుని సరిచేసుకోవడమే దాని పని.

ఈ లెక్క ఎందుకు కావాలి?

టిఫా స్కాన్ సాధారణంగా 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు. 2021 సవరణ ప్రకారం కొన్ని వర్గాల మహిళలకు అబార్షన్ గడువు 24 వారాలు. అది దాటితే, తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. అంటే ఐదో నెలలో లోపం కనబడకపోతే, ఆ తర్వాత కుటుంబం చేతిలో ఉండే టైమ్ చాలా తక్కువ.

ఇంగ్లండ్‌లో ఏ లోపాన్ని ఎంత శాతం పట్టుకోవాలో ముందే రాసిపెట్టుకున్నారు. ఓపెన్ స్పైనా బైఫిడా అయితే 90 శాతం, గ్రహణం మొర్రి అయితే 75 శాతం, తీవ్రమైన గుండె లోపాలైతే 50 శాతం. గమనించారా? మంచి వ్యవస్థలో కూడా గుండె లోపాల్లో సగం దాకా తప్పిపోవచ్చని ఒప్పుకున్నట్టే. ఆ సంగతి తెలిసింది కూడా లెక్క తీశారు కాబట్టే.

పుట్టింటికి వెళ్తే అంతే సంగతులు

మన దగ్గర లెక్క తీయడం అంత ఈజీ కాదు. తొలి కాన్పు పుట్టింట్లో చేయడం మన ఆనవాయితీ. ఇక ఫ్యాక్టరీల్లో పనికి ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కుటుంబాలైతే స్కానింగ్ ఇక్కడ, కాన్పు సొంతూళ్లో. వాళ్లకు ఫోన్ చేసి వివరాలు రాసుకునే మనిషి కావాలి. కొన్ని స్కాన్లను రెండో డాక్టర్ మళ్లీ చూడాలి. లెక్కలు కట్టేవాళ్లుండాలి. ఇవన్నీ జీతాల ఖర్చులు. రిబ్బన్ కట్ చేసి ఫొటో దిగే ఖర్చులు కావు.

గురుగ్రామ్ దారి చూపింది

ఇది కుదరని పనైతే కాదు. మన పటాన్‌చెరులాగే వలస కార్మికులతో నిండిన గురుగ్రామ్‌లో, సివిల్ ఆస్పత్రికి వచ్చే గర్భిణుల వివరాలతో 2015లో గర్భిణి ప్రాజెక్టు మొదలైంది. డబ్బు ఇచ్చింది కేంద్ర బయోటెక్నాలజీ విభాగం. ఆ డేటాతోనే ఐఐటీ మద్రాస్, ఫరీదాబాద్‌లోని టీహెచ్‌ఎస్‌టీఐ కలిసి కడుపులో బిడ్డ వయసు లెక్కగట్టే గర్భిణి-జీఏ2 మోడల్‌ను తయారుచేశాయి. విదేశీ డేటాపై ఆధారపడిన పాత ఫార్ములాతో పోలిస్తే పొరపాటు దాదాపు మూడు రెట్లు తగ్గిందని 2024లో ప్రకటించాయి. ఓ మామూలు జిల్లా ఆస్పత్రి నుంచే ఇదంతా వచ్చింది.

డబ్బు పక్కనే ఉంది

సంగారెడ్డి జిల్లాలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది, అందులో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగమూ ఉంది. చుట్టూ ఫార్మా కంపెనీలున్నాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం రూ.5 కోట్ల నికర లాభం దాటిన కంపెనీ, మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కి ఖర్చుపెట్టాలి. తాము పనిచేసే ప్రాంతానికే ప్రాధాన్యం ఇవ్వాలి. ఐఐటీల్లో, ప్రభుత్వ యూనివర్సిటీల్లో జరిగే వైద్య పరిశోధనకు కూడా ఆ డబ్బు ఇవ్వొచ్చు.

అంటే చట్టం అడ్డు లేదు, మనుషులున్నారు, డబ్బుకీ దారి ఉంది. వీళ్లందర్నీ ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టడమే మిగిలింది. ఈసారి మీ ఏరియా ఆస్పత్రికి కొత్త స్కానింగ్ మెషీన్ వచ్చిందన్న వార్త చూస్తే, ఒక్క ప్రశ్న అడగండి: దాని రిపోర్టులను సరిచూడ్డానికి ఎంత కేటాయించారు?