‘ఏ’ ఎక్కడ పడితే బరువు అక్కడే!

గుడివాడ నుంచి, ఉయ్యూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి బెజవాడలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులకు వచ్చే పిల్లలకు గ్రామరంటే బెంగ. టెన్సులు బట్టీ పడతారు. ఇంటర్వ్యూలో అవతలివాళ్లు ‘పార్డన్?’ అనగానే వాక్యంలో తప్పు దొర్లిందేమోనని కంగారు పడతారు. చాలాసార్లు వాక్యం బాగానే ఉంటుంది. తేడా పలికిన తీరులో ఉంటుంది.

అమెరికా నుంచి ఫోన్లో ‘సోమవారం చేరగలవా?’ అని అడిగారనుకోండి. మనవాడు ‘ఐ కెన్ జాయిన్’ అంటాడు, ‘కెన్’ను నిండుగా నొక్కి. అవతలి చెవికి అది ‘చేరలేను’ అన్నట్టు వినబడొచ్చు! ఎందుకంటే చేరగలను అనేటప్పుడు వాళ్లు ‘కెన్’ను సగం మింగేసి ‘జాయిన్’ మీద బరువు వేస్తారు. చేరలేను అనేటప్పుడే ఆ మాటను నిండుగా పలుకుతారు, చివరి ‘ట్’ వినీ వినపడకుండా.

మనవాడిదీ తప్పు కాదు, తెలుగు అలవాటు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఎవరి వాటా వారికి ఇచ్చేస్తాం. ఇంగ్లీషులో బరువైన అక్షరాలు ఇంచుమించు సమాన దూరంలో పడతాయి, మధ్యలోవి ఇరుక్కుని సర్దుకుంటాయి. మూడు చప్పట్లు కొడుతూ ‘కౌస్ ఈట్ గ్రాస్’ అనండి. అవే మూడు చప్పట్లకు ‘ద కౌస్ ఆర్ ఈటింగ్ ద గ్రాస్’ అనండి. కూచిపూడి నేర్చే పిల్లలకు ఇదేం వింత కాదు. తాళం అదే, మొదటి కాలంలో నాలుగు పట్టినచోట రెండో కాలంలో ఎనిమిది పడతాయి. (పరికరాలతో కొలిస్తే ఇంగ్లీషు అంత లెక్కగా నడవదని పరిశోధకులు తేల్చారు. నేర్చుకోవడానికి చప్పట్లు చాలు.)

విడి మాటల్లోనూ ఇదే గొడవ. ఫోటోగ్రాఫ్‌లో బరువు ‘ఫో’ మీద, ఫోటోగ్రఫీలో ‘టో’ మీద, ఫోటోగ్రాఫిక్‌లో ‘గ్రా’ మీద. హోటల్ అనేటప్పుడు మనం ‘హో’ను నొక్కితే వాళ్లు ‘టెల్’ను నొక్కుతారు. భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు అర్థమవుతుందో ఆర్.కె. బన్సల్ పరిశీలించారు. ఆ పుస్తకాన్ని 1969లో హైదరాబాద్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ (ఇప్పటి ఇఫ్లూ) ప్రచురించింది. అర్థం కాకపోవడానికి ముఖ్య కారణాల్లో ఒకటిగా ఆయన చూపింది ఈ తప్పు నొక్కుడునే.

మరి వాక్యంలో ఏ మాటను నొక్కాలి? ‘తెలుగులో ఆలోచించకండి’ అని క్లాసుల్లో తెగ చెబుతుంటారు. ఇక్కడ మాత్రం ఆలోచించాల్సిందే. ‘రేపే వస్తాను’, ‘నేనే వస్తాను రేపు’. మనకు ఆ ‘ఏ’ చేసే పనిని ఇంగ్లీషులో గొంతు చేస్తుంది. ‘ఐ విల్ కమ్ టుమారో’లో రేపే అయితే బరువు ‘టుమారో’ మీద, నేనే అయితే ‘ఐ’ మీద. ‘వచ్చాడా?’లోని ‘ఆ’ కూడా అంతే. ‘హి కేమ్’ అని చివర గొంతు పైకి లేపితే ప్రశ్న అయిపోతుంది.

ఇంట్లోనే సాధన చేయొచ్చు. ‘ఐ కెన్ జాయిన్ ఆన్ మండే’ అని సెల్‌ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. ‘కెన్’ కోసం చెవి రిక్కించాల్సి వచ్చిందా? సరిగ్గా పలికినట్టే.