సూత్రానికి సరిహద్దు ఎక్కడ?

పిల్లలూ! ముందుగా ఒక చిన్న లెక్క. ఒక కిలో నీటి ఆవిరిని 550 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడి చేసి, 250 బార్ల పీడనంతో అదిమి ఉంచాం. అది ఎంత చోటు ఆక్రమిస్తుంది? మన చుట్టూ ఉన్న గాలి పీడనం సుమారు ఒక బార్ అని గుర్తుంచుకోండి.

"ఇదేం పెద్ద లెక్క? ఆదర్శ వాయు సూత్రం ఉందిగా!" అంటారు ఇంటర్మీడియెట్ చదివే మీ అన్నయ్యో, అక్కయ్యో. ఒక మోల్ వాయువు పీడనాన్ని ఘనపరిమాణంతో గుణిస్తే వచ్చేదీ, దాని పరమ ఉష్ణోగ్రతను వాయు స్థిరాంకంతో గుణిస్తే వచ్చేదీ సమానం. ఆ ప్రకారం జవాబు 15.2 లీటర్లు. గుణకారంలో తప్పేమీ లేదు. కాని, ప్రయోగాలలో కొలిచిన విలువల మీద ఆధారపడి తయారైన ఆవిరి పట్టికలు తీసి చూస్తే, అక్కడ 12.7 లీటర్లని ఉంటుంది!

ఇది కాలక్షేపానికి వేసిన లెక్క కాదు. నెల్లూరు తీరంలో, కృష్ణపట్నం రేవుకు దగ్గర నేలటూరులో శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. మూడోదాన్ని 2022లో జాతికి అంకితం చేశారు. ఇవి 'సూపర్‌క్రిటికల్' రకానికి చెందినవి. నీటికి 374 డిగ్రీల సందిగ్ధ ఉష్ణోగ్రత, 221 బార్ల సందిగ్ధ పీడనం ఉన్నాయి. ఆ రెండూ దాటితే ఇది నీరు, ఇది ఆవిరి అని విడదీసి చెప్పలేం. ఇలాంటి బాయిలర్ పూర్తి పీడనంతో పనిచేసేటప్పుడు అందులో నీళ్ళు బుడగలు కక్కుతూ మరగవు. ఆవిరి గొట్టం ఎంత వెడల్పుండాలి, అందులో ఆవిరి ఎంత వేగంగా పోతుంది అన్న లెక్కల్లో 12.7కు బదులు 15.2 వేస్తే ఏమవుతుందో మీరే ఊహించండి.

సూత్రం ఎందుకు తప్పింది? నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టును తలుచుకోండి. మామూలు రోజున నలుగురు మనుషులు అక్కడ ఎటు కావాలంటే అటు తిరగవచ్చు. రొట్టెల పండగ నాడు? ఒక్కొక్కరి శరీరం కొంత చోటు ఆక్రమిస్తుంది. పైగా తప్పిపోకుండా ఇంటివాళ్ళంతా చేతులు పట్టుకుని నడుస్తారు. అణువుల సంగతీ అంతే. ఆదర్శ వాయు సూత్రం అణువులకు పరిమాణం లేదనీ, ఒకదాన్నొకటి లాక్కోవనీ అనుకుంటుంది. పలచటి వాయువులో ఇది దాదాపు నిజమే. 250 బార్ల దగ్గర కాదు.

ఈ రెండు సంగతులనూ డచ్చి శాస్త్రవేత్త వాన్ డెర్ వాల్స్ 1873లో లెక్కలోకి తెచ్చాడు. ఆకర్షణకు 'ఏ' అనీ, అణువులు ఆక్రమించే చోటుకు 'బీ' అనీ రెండు సంఖ్యలను చేర్చి కొత్త స్థితి సమీకరణం రాశాడు. 1910లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. చిక్కేమిటంటే, ఇందులో ఘనపరిమాణం ఒక్క గుణకారంతో తేలదు. అది ఘన సమీకరణం.

ఇక్కడే స్ప్రెడ్‌షీట్ మనకు పనికొస్తుంది. 550 డిగ్రీలంటే పరమ ఉష్ణోగ్రత 823. దాన్ని 0.08314తో గుణిస్తే 68.4. మొదటి గడిలో ఆదర్శ సూత్రం ఇచ్చిన ఘనపరిమాణం వేయండి: మోల్‌కు 0.2736 లీటర్లు. రెండో గడికి ఇలా చేయండి. నీటి 'ఏ' విలువ 5.536ను పై గడి వర్గంతో భాగించండి. దానికి 250 కలపండి. వచ్చినదానితో 68.4ను భాగించి, 'బీ' విలువ 0.0305 కలపండి. 0.2416 వస్తుంది. ఇదే సూత్రాన్ని కింది గడుల్లోకి దించుకుంటూ పొండి. 0.2289, 0.2228... అలా తగ్గుతూ పదిహేను వరసల లోపే 0.216 దగ్గర నిలిచిపోతుంది. కిలో ఆవిరిలో 55.5 మోల్‌లుంటాయి కనుక జవాబు 12 లీటర్లు. నిజానికి ఎంత దగ్గరకు వచ్చామో చూశారా!

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. ఏ సూత్రాన్ని నేర్పినా, అది ఎక్కడి వరకు చెల్లుతుందో కూడా అదే రోజున నేర్పాలి. అందుకు మూడు నిలువు వరసల పట్టిక చాలు: సూత్రం చెప్పింది, సవరించిన సూత్రం చెప్పింది, కొలిస్తే తేలింది.

"సిద్ధంగా పట్టికలుండగా, క్షణంలో జవాబిచ్చే కంప్యూటర్ ఉండగా బడి పిల్లలకు ఈ శ్రమ ఎందుకు?" అని కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఇంజనీర్లు కూడా రోజూ ఇలా గడులు నింపుతూ కూర్చోరు. కాని ఆ క్షణపు జవాబు ఏ సూత్రం నుంచి వచ్చిందో తెలియనివాడు 15.2నూ నమ్ముతాడు, 12.7నూ నమ్ముతాడు. తన చేత్తో ఒకసారి గడులు నింపినవాడు "ఇది ఎక్కడిది?" అని అడుగుతాడు.

అలాగని సవరించిన సూత్రాన్ని గుడ్డిగా నమ్మమని కాదు. అదే తీరం వెంట దక్షిణంగా వెళితే శ్రీహరికోట వస్తుంది. 2022 వరకు అదీ నెల్లూరు జిల్లాలోదే. రాకెట్లలో ఇంధనపు తొట్లలోకి పీడనం ఎక్కించడానికి హీలియం వాడతారు. 27 డిగ్రీల దగ్గర ఒక సీసాను హీలియంతో 300 బార్ల వరకు నింపామనుకోండి. అందులో 100 పాళ్ళ హీలియం పడుతుందని ఆదర్శ సూత్రం చెబితే, నిజంగా పట్టేది 88 పాళ్ళే. వాన్ డెర్ వాల్స్ సమీకరణమో, 78 అంటుంది! మొదటిది 12 పాళ్ళు ఎక్కువ చెప్పింది, రెండోది 10 పాళ్ళు తక్కువ చెప్పింది. అందుకే 1949లో రెడ్లిక్, క్వాంగ్‌లూ, 1976లో పెంగ్, రాబిన్సన్‌లూ కొత్త సమీకరణాలు తెచ్చారు. వాటికీ హద్దులున్నాయి.

ఇక మీ వంతు. అదే ఆవిరిని, 250 బార్ల దగ్గరే, 400 డిగ్రీలకు లెక్క కట్టండి. కంప్యూటర్ లేకపోతే కాలిక్యులేటరూ, గీతల నోటుపుస్తకమూ చాలు. కాకపోతే ఓపిక పట్టాలి. సందిగ్ధ బిందువుకు దగ్గరగా ఉన్నాం కనుక ఈసారి విలువ నిలవడానికి ఎన్నో పదుల వరసలు కావాలి. ఆదర్శ సూత్రం 12.4 లీటర్లంటుంది, పట్టిక 6 లీటర్లంటుంది. మీ గడుల్లో ఎంత వచ్చిందో చూసి, మూడు అంకెలనూ పక్కపక్కన రాసి మీ మాస్టారికి చూపించండి.