మిత్రుని పేరిట నడక: లెక్క తప్పరాదు

కురబలకోట: ఈడు మిత్రుడు అకాలంగా కన్నుమూస్తే తోటివారు ఊరుకోలేరు. తలా కొంత వేసుకొని కూడలిలో ఫ్లెక్సీ కట్టిస్తారు. దినాల నాడు అన్నదానం చేస్తారు. ఏడాది తిరిగేసరికి ఫ్లెక్సీ ఎండకు వెలిసిపోతుంది. కన్నతల్లి ఆ దారిన పోతూ చినిగిన బొమ్మను చూసి కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంది. స్నేహితుల మనసు మంచిదే. అయితే ఆ సొమ్ము మరొక ప్రాణానికి ఆసరా అయితే ఆ తల్లికి అంతకంటె ఊరట ఏముంటుంది?

పోయినవారి పేరిట కష్టమైన నడకకో, పరుగుకో పూనుకొని, విరాళాలు కూడబెట్టి రోగులకు వినియోగించే పద్ధతి పలు దేశాల్లో ఉంది. కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్ ఉదంతం ఇందుకు చక్కని ఉదాహరణ. క్యాన్సర్ సోకడంతో 1977లో అతని కుడికాలు మోకాలికి పైన తీసివేశారు. 1980 ఏప్రిల్ 12న అతడు కృత్రిమ కాలితో దేశం ఆ కొస నుంచి ఈ కొసకు పరుగు మొదలుపెట్టాడు. రోజుకు ఇంచుమించు 42 కిలోమీటర్లు. స్నేహితుడు డగ్ ఆల్వర్డ్ వ్యాన్ నడుపుతూ, వంట చేసిపెడుతూ వెంట ఉన్నాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక జబ్బు ఊపిరితిత్తులకు పాకి ఆగిపోయాడు. క్యాన్సర్ పరిశోధనకు తలకొక డాలరు ఇవ్వండని అతడు అడగగా, బతికుండగానే 2 కోట్ల 40 లక్షల డాలర్లకు పైగా చేరింది. 1981 జూన్ 28న, 22 ఏళ్లకే మరణించాడు. అదే ఏడాది సెప్టెంబరులో అతని పేరిట పరుగు ఆరంభమైంది. అందులో గెలుపోటములు లేవు, బహుమతులు లేవు. చెన్నై ఐఐటీలోనూ ఈ పరుగు జరిగింది.

ఒళ్లు వంచే పట్టుదల ఈ ప్రాంతానికి కొత్త కాదు. గోవింద నామంతో తిరుమలకు కాలినడకన పోయేవారు ఎందరో ఉన్నారు. ఒకప్పుడు రాత్రింబవళ్లు దిగకుండా సైకిలు తొక్కేవాడు వస్తే పల్లె అంతా మూగేది. చొక్కాకు నోట్లు గుచ్చేవారు. ఆ నోట్లు అతని పొట్టకూటికి. మిత్రుని పేరిట వచ్చే నోట్లు మాత్రం ఇంకొకరివి. కనుక పైసా పైసాకూ లెక్క ఉండాలి.

ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్నకు జవాబు దగ్గరలోనే ఉంది. మదనపల్లె చెంత ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం వెలిసింది. ఆనాడు మంచి గాలి, మంచి తిండే వైద్యం. తర్వాత మందులు వచ్చాయి. అయినా నెలల తరబడి మందు మింగే పేదరోగికి కడుపునిండా తిండి లేకపోతే ఒళ్లు కోలుకోదు. 2022 సెప్టెంబరులో కేంద్రం ప్రారంభించిన నిక్షయ్ మిత్ర కార్యక్రమం కింద వ్యక్తులైనా, బృందాలైనా ఒక రోగికి కనీసం ఆరు నెలలు పోషకాహారం అందించే బాధ్యత తీసుకోవచ్చు.

యువకులు తలచుకుంటే కురబలకోట నుంచి 4,000 అడుగులకు పైబడిన హార్సిలీ కొండకు నడక పెట్టుకోవచ్చు. చీకటి విడగానే బయలుదేరాలి. పోలీసులకు ముందే తెలపాలి. ఘాట్ మలుపుల్లో వరుస తప్పరాదు. నీళ్లతో ఒక బండి వెనుక రావాలి. చేతకానివారిని బలవంతపెట్టరాదు. మిత్రుని కోసమని నడిచి మరొక ఇంటికి దుఃఖం తేవడం తగదు.

దారి ఖర్చు నడిచేవారే భరించాలి. వచ్చిన విరాళం, ఇచ్చిన సాయం వివరాలు వారంలోగా పంచాయతీ నోటీసు బోర్డుపై అంటించాలి. సాయం పొందిన రోగి పేరు, ఫొటో మాత్రం బయటపెట్టరాదు. ఈ జబ్బు పేరు చెబితే పెళ్లిళ్లు చెడిపోయే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

ఆరు నెలల తర్వాత ఒక రోగి కోలుకొని మళ్లీ టమోటా తోటకు పనికి పోతే, ఆ కబురు మిత్రులు వెళ్లి ఆ తల్లికి చెప్పాలి.