నోరు విప్పితే టీసీయా?

మా కథల పోటీకి పంపిన కథను వెనక్కి తీసుకుంటున్నానని డిగ్రీ రెండో ఏడాది చదివే అమ్మాయి ఒకరు ఉత్తరం రాశారు. కథ ఒక హాస్టల్ గురించి. నెలసరి నొప్పితో మెస్‌కు రాలేని పిల్లకు పళ్లెంలో నాలుగు మెతుకులు గదికి పంపడానికి ఒప్పుకోని వార్డెన్ అందులో ఉంది. ఏ కాలేజీ పేరూ లేదు. అయినా ఆ అమ్మాయి చదివే కాలేజీవాళ్లు ఆమె తండ్రిని పిలిపించి, ఇకమీదట ఏమీ రాయదని హామీపత్రం రాయించుకున్నారు. కాదంటే టీసీ చేతిలో పెడతామన్నారు. ఆయన కూలి మానుకుని వచ్చి సంతకం పెట్టి వెళ్లాడు.

ఇది క్రమశిక్షణట! 1985లో కేరళలో ముగ్గురు తోబుట్టువులను బడి నుంచి వెళ్లగొట్టిన ఉదంతం గుర్తొస్తుంది. వాళ్లు చదివేది పది, తొమ్మిది, ఐదు తరగతులు. జాతీయగీతం వేళ అందరితో పాటు లేచి నిలబడేవారు. తమ మత విశ్వాసం ఒప్పుకోదని పాడేవారు కాదు. ఒక శాసనసభ్యుడు సభలో లేవనెత్తేదాకా అది ఎవరికీ తప్పుగా తోచలేదు. హైకోర్టు వాళ్ల మొర వినలేదు. 1986లో సుప్రీంకోర్టు విన్నది. తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి. పాడి తీరాలనే చట్టమేదీ లేదని, గౌరవంగా నిలబడ్డవాళ్లను వెళ్లగొట్టడం వాక్‌స్వాతంత్ర్యానికీ మతస్వేచ్ఛకూ భంగమని చెప్పి, పిల్లలను మళ్లీ చేర్చుకోమన్నారు. నలభై ఏళ్లు కావస్తున్నా ఆ తీర్పు మన కాలేజీల గడప తొక్కలేదు.

ఐదో తరగతి పిల్లకు గొంతు కలపకుండా ఉండే హక్కుంటే, డిగ్రీ చదివే అమ్మాయికి గొంతెత్తే హక్కు లేదా? పిల్లలకు ఇంకా పరిణతి రాదంటారు. రాజ్యాంగం 19వ అధికరణం పౌరులందరికీ అన్నది, ఫలానా వయసు దాటినవారికి అనలేదు. 61వ సవరణతో పద్దెనిమిదేళ్లకే ఓటిచ్చాం. ప్రభుత్వాన్ని దించగల మనిషి మెస్‌లో పెట్టే అన్నం గురించి మాట్లాడకూడదా? శ్రీశ్రీ తొలి పుస్తకం ‘ప్రభవ’ 1928లో వచ్చేనాటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. ఆయన పటం వేదిక మీద పెట్టి దండ వేసే కాలేజీలే ఈనాటి పద్దెనిమిదేళ్ల పిల్లల నోరు నొక్కుతున్నాయి. ఇది పిరికితనం, పైగా చట్టవిరుద్ధం.

రాయనని రాయించుకునే హామీపత్రాలను విశ్వవిద్యాలయాలు చెల్లవని ప్రకటించాలి. కాలేజీ మ్యాగజైన్ సంపాదకత్వం విద్యార్థులకు అప్పగించాలి. కథలో అబద్ధం ఉందనుకునే వార్డెన్ అదే పత్రికలో జవాబు రాసుకోవచ్చు, ఆమెకూ అక్కడ చోటుండాలి.