నల్లకోటుకు జేబులున్నాయి, అంతే

పోయిన నెల మా జూనియర్ కుర్రాడు నల్లకోటు మడతపెట్టి నా బల్లమీద ఉంచాడు. "ఇది మీ దగ్గరే పెట్టుకోండి సార్, ఇంకెవరన్నా చేరితే ఇద్దురుగానీ" అన్నాడు. ఆ కోటు నాదే. పదిహేనేళ్ల కిందటిది. మోచేతుల దగ్గర నలుపు పోయి బూడిదరంగు తేలింది, లోపలి జేబు చిరిగి అడుగు లేదు. కొత్తది కుట్టించి ఇచ్చే స్థోమత నాకు లేకపోయింది, కుట్టించుకునే స్థోమత వాడికి లేకపోయింది. మూడేళ్లకు దగ్గర దగ్గర దాన్నే తొడుక్కుని దిగువ అహోబిలం నుంచి ఆళ్లగడ్డ కోర్టుకు బస్సులో తిరిగాడు. ఇప్పుడు బెంగళూరులో ఏదో కంపెనీలో ఒప్పందాల కాగితాలు చదివే ఉద్యోగం, నెలకు ఇరవై రెండు వేలు.

"మంచిది నాయనా, పోయిరా" అన్నాను. ఇంకేమనాలి? వాడికి నేనిచ్చింది నెలకు మూడు వేలు. అందులో సగానికి పైగా కండక్టరు చేతికే పోయేది.

ఈ మూడు వేల సంగతి దాచుకోవచ్చు. దాచుకోను. ఎందుకంటే నా ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో ఒక్కరంటే ఒక్కరు, నాకు జీతమిచ్చేవాడు గానీ నా దగ్గర ఫీజు బాకీపడ్డవాడు గానీ, "ప్లీడరు సారూ, మీకెట్ల గడుస్తాంది?" అని అడగలేదు. జీతమిచ్చేవాడు అసలు లేడనుకోండి. ప్లీడరంటే డబ్బున్నవాడని జనానికొక నమ్మకం. సినిమాలో చూసిన ప్లీడరు వేరు, ఆళ్లగడ్డ కోర్టు వరండాలో చెక్కబెంచీ మీద టిఫిన్ డబ్బా విప్పే ప్లీడరు వేరు.

ఆ పిల్లవాడు ఈ వృత్తిలోకి రావడానికి ఏమైందో చెప్తాను. లా చదివాడు. ఎన్‌రోల్‌మెంటుకు, ఆ తిరుగుళ్లకు వాళ్లమ్మ కమ్మలు తాకట్టుకు పోయాయి. తర్వాత బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పెట్టే పరీక్ష, దాని ఫీజు వేరే. ఇవన్నీ అయినాక, 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అడ్వకేట్ల చట్టం ప్రకారం ఎన్‌రోల్‌మెంటు ఫీజు 750 రూపాయలే, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలే, అంతకుమించి ఏ రాష్ట్ర బార్ కౌన్సిలైనా ఏ పేరుతోనైనా వసూలు చేయడం చెల్లదంది. దేశమంతా వేలకు వేలు గుంజుతూ వచ్చిన సంగతి ఆ తీర్పులోనే ఉంది. చట్టంలో ఆ అంకె ఎన్నేళ్లుగా రాసి ఉందో! చట్టం చదివినవాళ్ల దగ్గరే చట్టం చెప్పిన దానికన్నా ఎక్కువ తీసుకుంటుంటే, చట్టం చదివిన మేమే నోరుమూసుకుని కట్టాం. పైగా అంతకుముందు కట్టించుకున్నది వెనక్కి ఇవ్వక్కర్లేదని కూడా అదే తీర్పు. కమ్మలు మాత్రం ఇప్పటికీ వడ్డీ వ్యాపారి పెట్టెలోనే ఉన్నాయి.

జూనియర్లకు సాయం లేదా అంటే, ఉండింది. 2019 డిసెంబరు 3న, న్యాయవాదుల దినోత్సవం నాడు, లా నేస్తం మొదలైంది. ప్రాక్టీసు మొదలుపెట్టిన మూడేళ్లపాటు నెలకు ఐదు వేలు. 2023 డిసెంబరులో రాష్ట్రం మొత్తం మీద 2,807 మందికి ఆరు నెలలది ఒక్కసారిగా వేశారు. నెలనెలా ఆకలేసేవాడికి ఆరు నెలలకోసారి అన్నం! అయినా అది అందినప్పుడు మా వాడి మొహం నేను చూశాను. తర్వాత ప్రభుత్వం మారింది, ఎన్నికల్లో ఐదు కాస్తా పదివేలని విన్నాం. వాడు పాసుబుక్కు పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరిగి తిరిగి, ఆఖరికి పాసుబుక్కు తీసుకుపోవడం మానేశాడు.

అదే 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక ఉత్తరం పంపింది. జూనియర్లకు సీనియర్లు పట్నాల్లో నెలకు కనీసం 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వాలని సిఫారసు. చదివి నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. పదిహేను వేలు జూనియర్‌కు ఇవ్వాలంటే సీనియర్‌కు ఎంత రావాలో లెక్కేసినవాడెవరైనా ఆ ఉత్తరం రాసిన గదిలో ఉన్నాడా? రుద్రవరం వైపు నుంచి వచ్చే రైతు భాగాల దావా వేయమంటాడు. తువ్వాలు కొస విప్పి రెండు ఐదువందల నోట్లు తీస్తాడు. "మిగిలింది పసుపు అమ్మినాక ఇస్తా సారూ" అంటాడు. పసుపు ధర పడిపోతుంది. రెండేళ్లకు కేసు రాజీ అవుతుంది. అన్నదమ్ములు కలిసి పెళ్లి భోజనాలు చేస్తారు, ప్లీడరు ఫీజు మాత్రం విస్తరితో పాటే ఎత్తేస్తారు. వాళ్ల మీద దావా వేయనా? ఊరందరి బాకీలు వసూలు చేసిపెట్టేవాడు తన బాకీ అడిగితే ఊళ్లో పరువు పోతుందట.

బ్యాంకు సంగతి మరీ కడుపుమంట. పేరెందుకు, ఒక బ్యాంకు. వాళ్లకు పన్నెండేళ్లుగా లీగల్ ఒపీనియన్లు నేనే రాస్తున్నాను. ముప్పై ఏళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు, 1బి, అడంగల్ అన్నీ చూసి, 'టైటిల్ క్లియర్' అని నేను సంతకం పెడితేనే అవతలివాడికి లోను. ఇంటికి పైకప్పు వేసుకుందామని నేను లోను అడిగితే మేనేజరు కుర్చీలో కదిలాడు. "అడ్వకేట్లకు మా దగ్గర కొంచెం ఇబ్బంది సార్, మీకు తెలియందేముంది" అన్నాడు. నాకు తెలియదు. ఎవడి భూమి నిఖార్సయినదో చెప్పడానికి నా సంతకం పనికొస్తుంది. అదే సంతకం నా అప్పు కాగితం మీదుంటే మాత్రం అనుమానం.

ల్యాండ్ టైట్లింగ్ చట్టం రోజులు గుర్తున్నాయా? 2023 అక్టోబరు ఆఖర్న అమల్లోకి తెచ్చారు. భూమి తగాదా సివిల్ కోర్టు గడప తొక్కకుండా అధికారి బల్ల దగ్గరే తేలిపోయే ఏర్పాటు. డిసెంబరు, జనవరి నెలల్లో రాష్ట్రమంతా విధులు బహిష్కరించి టెంట్ల కింద కూర్చున్నాం. ఆ దారిన పోయేవాళ్లు "వాళ్ల పొట్టకొట్టినారని ఏడుస్తాండారు" అన్నారు. అవునప్పా, మా పొట్టే! పొట్ట ఉండటం నేరమా? కూర్చున్న ఆ రోజుల్లో మాకు పైసా ఆదాయం లేదు. మీ పట్టాదారు పాసుబుక్కు కోసం కూడా కూర్చున్నామని వినే ఓపిక అప్పుడెవరికీ లేకపోయింది. ఎన్నికలొచ్చేసరికి అదే మాట ప్రతి మైకులో మోగింది. 2024 జూలైలో అసెంబ్లీ ఆ చట్టాన్ని రద్దు చేసింది. టెంటు అద్దె మేమే కట్టాం.

ఇక హైకోర్టు. రాజధానో హైకోర్టో ఒకటి మా సీమకని 1937లో శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్న మాట. 2024 నవంబరులో కర్నూలులో బెంచి కావాలని అసెంబ్లీ తీర్మానించింది. ఈలోగా అప్పీలంటే రాత్రంతా బస్సులో కూర్చుని అమరావతికి పోవాలి. ఆ ఖర్చు కక్షిదారుకు చెప్పగానే "వద్దులే సారూ, ఓడిపోయినట్టే ఉండనీ" అంటాడు.

మా ఊరి స్వామికి మాత్రం ఆ దిగులు లేదు. అహోబిలం గుడికి కార్యనిర్వహణాధికారిని వేసే అధికారం ప్రభుత్వానికి లేదని 2022లో హైకోర్టు చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోతే 2023 జనవరి 27న అక్కడా కొట్టేశారు. ఆ రోజు నేనూ సంతోషపడ్డాను. దేవుడికి ఢిల్లీ దాకా ప్లీడర్లు దొరికారు. చెంచు పిల్లను చేసుకున్న ఆ దేవుడి అత్తగారింటివాళ్లకో? సంక్రాంతి వెళ్లగానే స్వామి పారువేటకు బయల్దేరి, పెళ్లికి రమ్మని ఊరూరా పల్లకిలో తిరుగుతాడే, ఆ చెంచులకు?

మొన్న సోమవారం గూడెం నుంచి ఒక ముసలాయన ఆఫీసుకొచ్చాడు. అడవి కేసు, రెండేళ్లుగా నడుస్తోంది. ప్లాస్టిక్ సంచిలో కాగితాలు, పైన తడవకుండా ఇంకో సంచి. వాయిదా తేదీ ఆయనకు గుర్తుండదు. మా వాడే ముందురోజు సాయంత్రం గూడెం దాకా నడిచి చెప్పి వచ్చేవాడు, పొద్దున తనతో బస్సెక్కించుకుని వచ్చేవాడు, టికెట్టు కూడా తనే తీసేవాడట. ఆ మూడు వేల్లోంచే. నాకు తెలియదు, ముసలాయన చెప్తేనే తెలిసింది.

కుర్చీ వెనక తగిలించిన కోటు వైపు చూశాడు.

"పిల్లోడు యాడ సామీ?"

"బెంగళూరు పోయినాడు."

"ఎప్పుడొస్తాడు?"

నేను సంచిలోంచి కాగితాలు తీసి వాయిదా తేదీ వెతకడం మొదలుపెట్టాను.