అద్దె ఇళ్లు, కిరాయిదారులతో వ్యవహారంపై కాలనీ ఇళ్ల యజమానుల సంక్షేమ సంఘం తీర్మానం

హైదరాబాద్‌లోని మన కాలనీ ఇళ్ల యజమానుల సంక్షేమ సంఘం సర్వసభ్య సమావేశం కమ్యూనిటీ హాల్లో అధ్యక్షుల వారి ఆధ్వర్యంలో జరిగింది. కోరం సరిపోయిందని కార్యదర్శి ప్రకటించాక, ఎజెండాలో మూడో అంశమైన అద్దె ఇళ్ల నిర్వహణపై రెండు గంటలకు పైగా చర్చ జరిగి, కింది తీర్మానం ఆమోదం పొందింది.

మన ఇళ్లలో చాలావాటి కట్టుబడి ఒకటే. కింద ఓనరు, పైన రెండు పోర్షన్లు, ఆపైన పెంట్‌హౌస్. పెన్షన్ చాలని సభ్యులకు ఆ కిరాయే ఆధారం. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి, ఇంటి తాళాలు పక్కింట్లో పెట్టినవారూ మనలో ఉన్నారు. సంఘానికి వచ్చే తగాదాల్లో డ్రైనేజీ, పార్కింగ్ తర్వాత అడ్వాన్సు గొడవలే ఎక్కువ. ఇరుపక్షాల మాటా విన్న కార్యవర్గానికి తేలింది ఇదీ: కాగితం మీద రాయవలసినవి మనం నోటిమాటతో సరిపెడుతున్నాం, మనకు పనిలేని విషయాల్లో మాత్రం నోరు పెడుతున్నాం.

అగ్రిమెంటు లేకుండా ఎవరికీ తాళం ఇవ్వరాదని తీర్మానించడమైనది. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతున్నాయి. 11 నెలల కాగితం పుట్టింది అందుకే. దాని మీద నోటరీ ముద్ర వేయించినంత మాత్రాన అది రిజిస్ట్రేషన్ అయిపోదు. నోటీసు గడువు గురించి ఏమీ రాసుకోకపోతే, నెలవారీ అద్దెకు చట్టం ఇచ్చేది 15 రోజులు. పిల్లల బడి పక్కన ఇల్లు వెతుక్కునే తల్లిదండ్రులకు గానీ, టులెట్ బోర్డు పెట్టి ఎదురుచూసే మనకు గానీ అది చాలదు. అందుచేత రెండు వైపులా ఒక నెల నోటీసు అని రాసుకోవాలి.

ఈ 11 నెలల లెక్కలో ఒక తిరకాసు ఉందని మాజీ కోశాధికారి గుర్తుచేశారు. జూన్ 1న మొదలైన అగ్రిమెంటు ఏప్రిల్ 30తో ముగుస్తుంది. మే 1న తిరగరాస్తే మార్చి 31కి వస్తుంది, అంటే పదో తరగతి పరీక్షల వేళకు. ఏటా ఒక నెల వెనక్కి జరుగుతుందన్నమాట. ఇక ఆషాఢంలో ఖాళీ అయిన పోర్షన్‌లోకి పాలు పొంగించుకోవడానికి ఎవరూ రారు, శ్రావణం దాకా తాళం వేసి ఉండాల్సిందే. అగ్రిమెంటు తిరగరాసే ముందు పంచాంగాన్నీ, బడి క్యాలెండరునూ పక్కన పెట్టుకోవాలని, అవసరమైతే తొమ్మిది, పది నెలలకే రాసుకుని గడువును వేసవి సెలవుల్లోకి తెచ్చుకోవాలని సభ సూచిస్తున్నది.

అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు చెప్పిన పరిమితి కూడా ఇదే. అది రాష్ట్రాలు స్వీకరిస్తే తప్ప అమలుకు రాని నమూనా అని ఒక సభ్యులు అభ్యంతరం చెప్పారు. నిజమే. ఈ కట్టుబాటు మనకు మనం పెట్టుకుంటున్నది. తాళం ఇచ్చే రోజే ఇద్దరూ కలిసి ఇల్లంతా ఫోన్‌లో వీడియో తీసుకోవాలి. ఫ్యాన్లు, గీజరు, కుళాయిలు, తాళంచెవులు ఎన్ని, కరెంటు మీటరు రీడింగ్ ఎంత అన్నది ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఖాళీ చేసిన 15 రోజుల్లో అడ్వాన్సు తిరిగి ఇవ్వాలి, కోత పెడితే బిల్లు చూపాలి. మూడేళ్లు కాపురం ఉన్నాక గోడల రంగు వెలవడం సహజం, దాన్ని కిరాయిదారు ఖాతాలో రాయకూడదు. క్యాలెండరు మేకు రంధ్రానికి ఒక నెల అద్దె కోసిన ఉదంతం సభలో ప్రస్తావనకు వచ్చి నవ్వులు పూశాయి. ఆ ఇల్లు మాత్రం తర్వాత నాలుగు నెలలు ఖాళీగా ఉంది.

మరమ్మతుల సంగతి. బల్బు, కుళాయి వాషరు వాళ్లవి. మోటరు, సంపు, వైరింగు, స్లాబు కారడం మనవి. చేయించవలసిన మరమ్మతు ఓనరుకు తెలియపరచినా సకాలంలో చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించుకుని ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చని 1882 చట్టంలోనే ఉంది. చాలామంది సభ్యులు ఈ మాట ఇదే మొదటిసారి విన్నారు. మే నెలలోనే డాబా ఎక్కి పగుళ్లు చూసుకుంటే జూలైలో ఫోన్లు రావు.

ప్రతి పోర్షన్‌కూ విడి కరెంటు మీటరు ఉండాలి. ఒకే మీటరు మీద రెండు కుటుంబాలుంటే యూనిట్లు కలిసి పై శ్లాబుకు ఎక్కుతాయి. పైగా 2024 నుంచి అమలవుతున్న గృహజ్యోతి కింద అర్హులకు 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తుంది, అది కిరాయికి ఉండేవాళ్లకూ వర్తిస్తుంది. మీటరు మన పేరున ఉందని వాళ్ల దరఖాస్తుకు అడ్డుపడరాదు. నీళ్ల విషయంలో సభ కొంత సిగ్గుపడవలసి వచ్చింది. జలమండలి 2021 నుంచి ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితంగా ఇస్తున్నది, మీటరు పనిచేయాలి, ఆధార్ జోడించి ఉండాలి, అంతే. సున్నా బిల్లు అందుకుంటూనే పై పోర్షన్ల నుంచి నల్లా ఛార్జీలు వసూలు చేస్తున్న ఇళ్లు మన వీధుల్లో ఉన్నాయి. వచ్చే నెల నుంచి ఆ వసూలు మానాలి. ట్యాంకరు తెప్పిస్తే రసీదు చూపి పంచుకోవాలి.

కిరాయి బ్యాంకు ద్వారానే తీసుకోవాలి, రసీదు ఇవ్వాలి. ఏడాదికి లక్ష రూపాయలు దాటిన అద్దెకు ఉద్యోగులు ఇంటి అద్దె భత్యం మినహాయింపు కోసం ఓనరు పాన్ నంబరు అడుగుతారు, దాచిపెట్టి తప్పించుకునే రోజులు పోయాయి. అద్దె ఆదాయంలో ఆస్తిపన్ను పోగా మిగిలినదాని మీద 30 శాతం మినహాయింపు ఎలాగూ ఉంది. విదేశాల్లో స్థిరపడిన సభ్యులకు చెల్లించే అద్దెలో, మొత్తం ఎంతైనా, కిరాయిదారు పన్ను కోసి కట్టవలసి ఉంటుంది. ఇది ముందే చెప్పి అగ్రిమెంటులో రాయాలి.

అద్దె బాకీ పడినా, గడువు దాటినా కరెంటు తీసేయడం, నల్లా కట్టేయడం, తాళం మార్చడం చేయరాదు. చట్టప్రకారం కాకుండా బయటికి నెట్టబడినవారు ఆరు నెలల్లోగా దావా వేస్తే, ఇల్లు ఎవరిదన్న ప్రశ్నతో పనిలేకుండా స్వాధీనం తిరిగి ఇప్పించే వీలు 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలో ఉంది. లాయరు నోటీసు నిదానంగా నడిచినా చివరికి అదే దగ్గరి దారి. ఇల్లు చూడాలంటే ఒక రోజు ముందు చెప్పి వెళ్లాలి. మారుతాళం మన దగ్గరుందని వాళ్లు లేనప్పుడు లోపలికి అడుగుపెట్టరాదు.

ఇల్లు చూడటానికి వచ్చినవారిని గుర్తింపు కార్డు, పనిచేసే చోటు, పాత ఓనరు ఫోన్ నంబరు అడగవచ్చు, పోలీస్ స్టేషన్‌లో వివరాలు ఇవ్వవచ్చు. ఆధార్ నకలు తీసుకుంటే చివరి నాలుగు అంకెలే కనిపించేది చాలు. “మీరేమిట్లు?” అని కులం అడగరాదని, మాంసం వండుతారా అని ఆరా తీయరాదని, ఒంటరి మహిళ అన్న కారణంతో కాదనరాదని ప్రతిపాదన. దీనిపై వాగ్వాదం జరిగింది. కింద తాము ఉంటూ పైన ఎవరుండాలో తేల్చుకునే హక్కు తమకుందని నలుగురు సభ్యులు విభేదించారు. వారి మాటను నమోదు చేస్తూ, మెజారిటీతో ఈ అంశం ఆమోదించడమైనది.

చివరి అంశం చావు గురించి. కిరాయికి ఉండేవాళ్లింట్లో మనిషి పోతే శవాన్ని గేటు దాటనివ్వకపోవడం మన ఊళ్లలో ఉన్నదే. ఆసుపత్రి నుంచి వచ్చిన అంబులెన్సు వీధి మలుపులో ఆగిపోతుంది, రోడ్డు మీదే షామియానా వేసి, ఫ్రీజరు పెట్టె చుట్టూ కుర్చీలు వేస్తారు. ధనిష్ఠా పంచకమైతే ఇల్లు నెలల తరబడి పాడుపెట్టాలని, కొత్తగా ఎవరూ దిగరని ఓనరు భయం. ఆ భయాన్ని సభ ఎగతాళి చేయడం లేదు. కానీ అద్దె కట్టిన నెలలో ఆ ఇల్లు వాళ్లది. పోయినవారిని ఇంట్లోకి తేవడానికి, అక్కడి నుంచే సాగనంపడానికి ఏ సభ్యుడూ అడ్డు చెప్పరాదు. పదకొండు రోజుల కర్మలకు కమ్యూనిటీ హాలు వెనక ఆవరణ ఉచితంగా ఇవ్వాలి. శాంతి చేయించుకోదలచిన ఓనరు తన ఖర్చుతో చేయించుకోవచ్చు, ఆ ఖర్చు అడ్వాన్సులో కోయరాదు.

ఈ అంశాన్ని ప్రతిపాదించిన సభ్యులు, పన్నెండేళ్ల కింద తాము కూడా ఒక కుటుంబాన్ని గేటు బయటే ఆపామని, ఆ రోజు వాన పడుతున్నదని చెప్పి కూర్చున్నారు. ఆ మాట మినిట్స్‌లో రాయాలని వారే కోరారు. రాయడమైనది.

పై అంశంపై మాత్రం ఓటింగ్ అవసరం రాలేదు. నమూనా అగ్రిమెంటు, సామాను జాబితా సంఘం కార్యాలయంలో లభిస్తాయి. ఈ తీర్మానం ప్రతిని నోటీసు బోర్డులో అంటించాలని, పై పోర్షన్లలో ఉండే ప్రతి కుటుంబానికీ ఒకటి అందజేయాలని కార్యదర్శిని ఆదేశించడమైనది.