సీసా సరే, చెంచా సంగతేమిటి?

తొలకరి పడగానే పల్లెల్లో వాంతులు, విరేచనాలు మొదలుకావడం ఏటా ఉన్నదే. బిడ్డను చంకనేసుకుని తల్లి ఆసుపత్రికి వస్తుంది. బిడ్డ నోటితో తాగగల స్థితిలో ఉన్నా సెలైన్ సీసా తగిలించడం, అవసరం లేని యాంటీబయాటిక్ రాయడం చాలాచోట్ల ఆనవాయితీ అయిపోయింది. ఓ.ఆర్.ఎస్. పొట్లం చీటీలో ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు.

డాక్టర్లకు తెలియక ఇలా జరుగుతోందనుకుంటే పొరపాటు. కర్ణాటక, బీహార్‌లలో వైద్యం చేసే రెండు వేల మందికి పైగా పరిశీలించి 2024లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన అధ్యయనం అసలు గుట్టు విప్పింది. ఓ.ఆర్.ఎస్. రాయకపోవడానికి 42 శాతం కారణం, రోగులు దాన్ని కోరుకోరన్న వైద్యుల అపోహేనట. సరుకు లేకపోవడం 6 శాతం మాత్రమే. తల్లి నోరు తెరిచి అడిగితే మాత్రం రాస్తారు! చదువుకున్న డాక్టరుకు చదువురాని తల్లి గుర్తుచేయాలన్న మాట.

1971లో బంగ్లాదేశ్ శరణార్థులు తలదాచుకున్న బనగావ్ శిబిరంలో కలరా విజృంభించింది. సెలైన్ నిల్వలు చాలకపోవడంతో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. జనం నమ్మాలని దానికి 'తాగే సెలైన్' అని పేరు పెట్టారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. అక్కడ బంధువులకు నేర్పింది కాసేపటి పని, అంతే.

కనుక వైద్యులకు ఇవ్వవలసిన శిక్షణ ఉపన్యాసం కాదు. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే నెమ్మదిగా సర్దుకోవడం, కళ్ళు లోతుకు పోవడం, ఆత్రంగా తాగడం చూసి, పది కిలోల బిడ్డకు నాలుగు గంటల్లో 750 మిల్లీలీటర్లు పట్టించాలని తల్లికి చెప్పడం రావాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచాతో మెల్లగా పట్టమనాలి. బిడ్డ మత్తుగా పడి ఉండి, తాగలేకపోతే అప్పుడు సెలైన్ తప్పనిసరి. ఈ తేడా పట్టుకోవడానికి రోగి పక్కన కూర్చున్న అలవాటు కావాలి.

చీటీ మీద మూడక్షరాలు గీకి పంపినా చాలదు. ఆ పేరు తగిలించుకున్న తియ్యటి పానీయాలు ఎన్నో ఏళ్ళు దుకాణాల్లో అమ్ముడుపోయాయి. చక్కెర ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ పానీయాలకు ఆ పేరు పెట్టరాదని ఉత్తర్వులిచ్చింది.

వానలకు ముందే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక బల్ల, కూజా, గ్లాసు, చెంచా ఉంచి, డాక్టర్లను, నర్సులను, ఆశా కార్యకర్తలను అక్కడే కూర్చోబెట్టి నేర్పించాలి. ఊళ్ళలో తొలి సూది వేసే ఆర్.ఎం.పి.లను కూడా పిలవాలి. పొట్లం మీద రాసిన కొలత ప్రకారం నీళ్ళు పోసి, తల్లి చేతనే కలిపించి, మొదటి చెంచా బిడ్డ నోట్లో పడ్డాకనే ఆమెను ఇంటికి పంపాలి.